రికార్డు చేసి పంపిన నా గొంతు మనవరాలి చెవికి ఎక్కుతుందా?

కోనసీమ అమ్మమ్మ

అందరికీ నమస్కారం. మాది అమలాపురం. ముప్ఫై ఒక్క ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి నాలుగేళ్ల కిందట రిటైరయ్యాను. ఒక్కతే కూతురు. సియాటెల్ దగ్గర అల్లుడూ తనూ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మనవరాలికి ఇప్పుడు ఏడున్నర నెలలు. పురిటికి వెళ్లాలని కరివేపాకు పొడితో సహా అన్నీ సర్దుకున్నాను. వీసా ఇంటర్వ్యూకి తేదీ దొరక్క ఇక్కడే ఉండిపోయాను. పిల్లని ఇంతవరకూ ఎత్తుకోలేదు.

పాప ఆరో నెల నుంచి డేకేర్‌కి వెళ్తోంది. పొద్దున్న ఎనిమిదికి దింపి సాయంత్రం ఐదుకి తెచ్చుకుంటారు. అంటే మెలకువగా ఉన్నంతసేపట్లో సగానికి పైగా ఇంగ్లీషే వింటుంది. అందుకని నేనొక పని మొదలుపెట్టాను. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, ఫ్యాన్ ఆపేసి, దేవుడి గదిలో తలుపేసుకుని ఫోన్‌లో కథలు రికార్డు చేస్తున్నాను. ఆ టైముకైతే వీధిలో ఆటోల గోల ఉండదు. కాకి కథ, ఆవుదూడ కథ, మా పెరట్లో కొబ్బరి చెట్టెక్కే ఉడత కథ, అన్నీ నేను అల్లినవే. ఇప్పటికి నలభై మూడు పంపాను. అమ్మాయి సాయంత్రం వంట చేసుకుంటూ స్పీకర్‌లో పెడుతుంది. మొదటి రెండు రోజులు పాప తల తిప్పి వెతికిందట. ఇప్పుడు అసలు పట్టించుకోవడం లేదట.

పోయిన వారం అమ్మాయి ఎక్కడో చదివి చెప్పింది. ఆరేడు నెలల పిల్లలు తాము ఎప్పుడూ వినని భాషల్లోని శబ్దాల తేడాలు కూడా పట్టేస్తారట, పది నెలలు దాటి ఏడాది నిండేసరికి చుట్టుపక్కల వినపడని తేడాలు జారిపోతాయట. ఆ పరిశోధనలో వాడినవి మన ట, త లేనట! దంత్యాలు, మూర్ధన్యాలు అని ముప్ఫై ఏళ్లు బోర్డు మీద రాసినదాన్ని. నాలుక పళ్ల వెనక తగిలితే త. కొస వెనక్కి మడిచి అంగిలికి తాకిస్తే ట. పాటకీ పాతకీ, అత్తకీ అట్టకీ మధ్య ఉన్నది ఆ అరంగుళమే. అది నా మనవరాలికి వినపడకుండా పోతుందేమోనని ఆ రాత్రి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు.

పది నెలలకి నిజంగానే పోతుందా? నా రికార్డింగుల వల్ల ఏమన్నా ఉపయోగం ఉందా? ఇంకో మాట. డేకేర్‌లో ఒకావిడ, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, రెండు భాషలైతే పిల్ల తికమకపడి మాటలు ఆలస్యమవుతాయి అందట. అమ్మాయి ఆ మాటకి కాస్త ఊగిసలాడుతోంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

---

మాటపలుకు

టీచర్ గారూ, నమస్కారం. హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా పిల్లల స్పీచ్ థెరపిస్ట్‌గా పనిచేస్తున్నాను. మీ మూడో ప్రశ్నే అన్నిటికంటే తొందరది కాబట్టి దానితో మొదలుపెడతాను. ఆవిడ చెప్పింది తప్పు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. ఒక్కో భాషలో విడిగా లెక్కపెడితే మాటలు కాస్త తక్కువ కనపడొచ్చు, రెండూ కలిపి లెక్కేస్తే మిగతా పిల్లలకి ఏమీ తీసిపోరు. మీ అమ్మాయీ అల్లుడుగారూ ఇంట్లో తెలుగు ఆపకూడదు. ఈ ఒక్కటీ ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

ఇక మీ అమ్మాయి చదివింది జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు కెనడాలోని వాంకూవర్‌లో చేసి, 1984లో ప్రచురించిన పరిశోధన. అది ఎలా చేశారో తెలిస్తే మీకు బాగా నచ్చుతుంది. పసిపిల్లని తల్లి ఒళ్లో కూర్చోబెడతారు. తల్లికి చెవుల మీద హెడ్‌ఫోన్లు పెట్టి పాటలు వినిపిస్తారు, ఆవిడ తెలియకుండా కదిలి పిల్లకి సైగ అందకూడదని. స్పీకర్‌లో త, త, త, త అని వస్తూ ఉంటుంది. మధ్యలో అది ట అవుతుంది. అలా మారిన వెంటనే పాప స్పీకర్ వైపు తల తిప్పితే పక్కనున్న నల్ల పెట్టెలో దీపం వెలిగి, లోపలి బొమ్మ జంతువు ఆడుతుంది. కొన్నిసార్లు అలా జరిగాక, తేడా వినపడిన పిల్ల మారిన ప్రతిసారీ బొమ్మ కోసం తిరుగుతుంది. వినపడని పిల్ల తిరగదు. హిందీ త, ట లతో చేశారు. ఇంగ్లీషు ఇళ్ల పిల్లల్లో ఆరు నుంచి ఎనిమిది నెలల వాళ్లు చాలామంది తిరిగారు. పది నుంచి పన్నెండు నెలల వాళ్లలో తిరిగినవాళ్లు బాగా తక్కువ. హిందీ ఇళ్ల పిల్లలు మాత్రం ఏడాది దగ్గరపడ్డా తిరుగుతూనే ఉన్నారు. మీ భయానికి ఈ చివరి వాక్యమే జవాబు. ఇంట్లో అమ్మ, నాన్న త, ట పలుకుతున్న పిల్ల ఆ తేడా పోగొట్టుకోదు. మీ అమ్మాయి మీ దగ్గర పెరిగిన పిల్ల, ఆవిడ ట మీ ట లాగే ఉంటుంది.

రికార్డింగుల సంగతి చెప్పడానికి కొంచెం వెనకాడుతున్నాను. కానీ మీరు సూటిగా అడిగారు. మీ మనవరాలు ఉన్న ఆ సియాటెల్‌లోనే, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ఒక పని చేసింది. ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే తొమ్మిది నెలల పిల్లలతో చైనా మాండరిన్ మాట్లాడేవాళ్లు కింద కూర్చుని పుస్తకాలు చదివి, బొమ్మలతో ఆడారు. నాలుగు వారాల్లో పన్నెండు సార్లు, ఒక్కోసారి 25 నిమిషాలు. మొత్తం ఐదు గంటలు, అంతే. తర్వాత పరీక్షిస్తే ఆ పిల్లలు మాండరిన్ శబ్దాల తేడాని తైవాన్‌లో పుట్టి పెరిగిన పిల్లలకి దీటుగా గుర్తుపట్టారు. అదే మనుషులు, అవే పుస్తకాలు, అదే సమయం, కానీ డీవీడీలో చూపించిన పిల్లలకి ఏమీ అంటలేదు. గొంతు ఒక్కటే వినిపించిన పిల్లలకీ అంతే. అసలు మాండరిన్ విననివాళ్లూ వీళ్లూ ఒకటే.

అంటే స్పీకర్‌లో మీ కథ నడుస్తుంటే పాపకి అది మిక్సీ చప్పుడు లాగా, కిటికీ అవతల కారు చప్పుడు లాగా వెళ్లిపోతోంది. పాప మొదట్లో తల తిప్పి వెతికింది అన్నారు కదా. మనిషి కోసం వెతికింది. గొంతు వస్తోంది, మనిషి లేరు, తను ఉంగా కొట్టినా ఆ గొంతు ఆగి బదులు ఇవ్వలేదు. రెండు రోజులకే వదిలేసింది. పిల్లల్లో నేను రోజూ చూసేది ఇదే. మనం ఏం మాట్లాడామన్నదాని కన్నా, తను చేసినదానికి మనం ఏం చేశామన్నది వాళ్లకి కావాలి.

వీడియో కాల్ మాత్రం వేరు. సారా రోజ్‌బెర్రీ, క్యాథీ హర్ష్-పాసెక్, రాబర్టా గోలింకాఫ్ 2014లో చూపించింది ఇదే. రెండు, రెండున్నరేళ్ల పిల్లలు ఎదురుగా ఉన్న మనిషి నుంచి కొత్త మాటలు ఎలా నేర్చుకున్నారో, అప్పటికప్పుడు బదులిచ్చే వీడియో కాల్ నుంచీ అలాగే నేర్చుకున్నారు. ముందే తీసిన వీడియో నుంచి నేర్చుకోలేదు. వాళ్లు మీ మనవరాలి కన్నా పెద్దపిల్లలు కాబట్టి ఇప్పుడే అంత ఆశించకండి. కానీ మీ శక్తి పెట్టాల్సింది అక్కడ. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా 2016లో ఏడాదిన్నర లోపు పిల్లలకి స్క్రీన్లు వద్దంటూనే వీడియో కాల్‌ని మాత్రం మినహాయించింది. మీ అమ్మాయికి ఆ బెంగ ఉంటే చెప్పండి.

ఒక చిన్న కిటుకు. కాల్‌లో మనం తెర మీది మొహాన్ని చూస్తాం, కెమెరాని చూడం. అవతల పిల్లకి మనం ఎటో కిందికి చూస్తున్నట్టు కనపడుతుంది. కెమెరా కన్ను పక్కన ఒక బొట్టుబిళ్ల అంటించుకోండి. దాన్ని చూసి మాట్లాడండి.

---

కోనసీమ అమ్మమ్మ

చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశానమ్మా. నలభై మూడు తెల్లవారుజాములు. కానీ "మనిషి కోసం వెతికింది" అని మీరు రాసిన దగ్గర నాకు పిల్ల మొహం కనపడింది. నేను క్లాసులో ఎన్నోసార్లు చూశాను, టేపు రికార్డర్‌లో పద్యం పెడితే పిల్లలు కిటికీలోకి చూసేవాళ్లు, అదే పద్యం నేను ఒకడి కళ్లలోకి చూసి ఎత్తుకుంటే తోక వాడే అందించేవాడు. నాకు తెలిసిందే, నా మనవరాలి దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను. రాత్రే అమ్మాయికి ఫోన్ చేసి తెలుగు ఆపొద్దని చెప్పాను. బొట్టుబిళ్ల అంటించాను.

---

బొబ్బిలి నాన్న

పిన్నిగారూ, నేను న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాను, సొంతూరు బొబ్బిలి. మాకు కూడా ఎవరో ఇలాగే చెబితే నమ్మి, పెద్దాడికి ఏడాది వయసు నుంచి ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాం. ఆ మూడు నాలుగేళ్లు తల్చుకుంటే ఇప్పటికీ బాధే. నాలుగేళ్లప్పుడు వాడు మా చెల్లిని "అట్టా" అని పిలిచేవాడు. "త" అనమంటే మా నోటికేసి చూసి మళ్లీ అదే అనేవాడు. నేను ఎంత విడమరచి పలికినా, రెండూ ఒకటేగా నాన్నా అన్నట్టు చూసేవాడు. ఇంగ్లీషులో ఆ శబ్దం మన త కీ ట కీ నడుమ, పంటి చిగురు దగ్గర పుడుతుంది కదా. వాడికి రెండూ ఆ ఒక్క గూట్లోనే పడేవి.

ఆరేళ్లప్పుడు ఒక వేసవి పది వారాలు బొబ్బిలిలో మా నాన్న దగ్గర వదిలాం. ఆయనకి ఇంగ్లీషు రాదు. పొద్దున్నే వాణ్ణి సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని సంతకి తీసుకెళ్లేవారు. తాటిముంజలు కొనేటప్పుడు బేరం వీడే ఆడాలి. "టాటి" అంటే ముంజలమ్మే ఆవిడ "ఏటి బాబూ?" అని మళ్లీ అడిగేదట. సరిగ్గా పలికేదాకా ముంజ చేతికి రాదు. మూడో వారానికి తాటి వచ్చేసింది, అత్త వచ్చేసింది. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. ళ మాత్రం ఇంకా ల యే, కళకీ కలకీ తేడా లేదు. కానీ త, ట లు దిట్టం. కాబట్టి పది నెలలకి తలుపు మూసేస్తారని భయపడకండి.

---

న్యూరాన్ల వెంట

బొబ్బిలి నాన్న గారు చెప్పినదానికి కొంచెం జీవశాస్త్రం కలుపుతాను. బెంగళూరులో నాడీశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, మాది వరంగల్.

మెదడులో ఇలాంటి "తెరుచుకునే కాలం", అంటే చూసినదాన్ని, విన్నదాన్ని బట్టి మెదడు సులువుగా మారే కాలం, ఉంటుందన్నది జంతువుల్లో బాగా తేలిన విషయం. గాబా అనే రసాయనంతో పక్క కణాల జోరుని అదుపు చేసే కొన్ని న్యూరాన్లు ఎదిగొచ్చినప్పుడు ఆ కాలం మొదలవుతుంది. తకావో హెన్ష్, ఆయన తోటివాళ్లు 1998లో గాబా తయారుచేసే ఒక ఎంజైమ్ లేని చిట్టెలుకల్లో చూపుకి సంబంధించిన ఆ కాలం మొదలే కాలేదని చూశారు. గాబా పనిని పెంచే మందు ఇస్తే మొదలైంది. తర్వాత ఆ న్యూరాన్ల చుట్టూ ఒక సన్నని వల అల్లుకుని, మార్పులు నెమ్మదిస్తాయి. 2002లో ఇటలీ శాస్త్రవేత్తలు పెద్ద ఎలుకల్లో ఆ వలని ఎంజైమ్‌తో కరిగిస్తే మార్పు మళ్లీ మొదలైంది. ఇవన్నీ ఎలుకల చూపు గురించి. వీటిని తెచ్చి పసిపిల్లల మాటకి నేరుగా అతికించొద్దు. నెమ్మదించడం వేరు, మూసుకుపోవడం వేరు అని మాత్రం అర్థం చేసుకుంటే చాలు.

నన్ను బాగా కదిలించిన పరిశోధన మనుషుల మీదే జరిగింది. కొరియాలో పుట్టి, చిన్నతనంలోనే నెదర్లాండ్స్‌లో దత్తతకి వెళ్లి, ఒక్క కొరియన్ ముక్క కూడా గుర్తులేని పెద్దవాళ్లని తీసుకున్నారు. జియున్ చోయ్, ఆన్ కట్లర్, మిర్యామ్ బ్రూర్స్మా 2017లో ప్రచురించారు. కొరియన్ శబ్దాలు మళ్లీ నేర్పితే వీళ్లు అక్కడే పుట్టిన డచ్ వాళ్ల కన్నా బాగా పలికారు. ఆరు నెలల లోపే దత్తతకి వెళ్లినవాళ్లు కూడా! ఇంకా "అమ్మ" అనడం కూడా రాని వయసులో విన్నది ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా లోపల ఎక్కడో ఉంది. అమ్మమ్మ గారూ, మీ మనవరాలు మీ అమ్మాయి కడుపులో ఉన్నప్పటి నుంచీ తెలుగు వింటోంది. సియాటెల్ పక్కన టకోమాలోనూ, స్వీడన్ స్టాక్‌హోమ్‌లోనూ నలభై మంది చొప్పున పుట్టిన ఒకట్రెండు రోజుల పిల్లలకి ఇంగ్లీషు, స్వీడిష్ అచ్చులు వినిపించి, పాలపీక ఎంత చప్పరిస్తున్నారో లెక్కపెట్టారు. 2013లో వచ్చింది. అప్పటికే అమ్మ భాష అచ్చులకి ఒక రకంగా, తెలియని అచ్చులకి ఇంకో రకంగా చప్పరించారు. మీ పాప సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు.

---

ఇద్దరి తల్లి

థెరపిస్ట్ గారు చెప్పిన సియాటెల్ ల్యాబ్ వాళ్లదే 2018లో ఇంకొకటి వచ్చింది, ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. తొమ్మిది నెలల పిల్లలకి మాండరిన్ వీడియోలే చూపించారు. ఒక్కరే చూసిన పిల్లలకి అంటలేదు. పక్కన ఇంకో పాప కూర్చుని కలిసి చూస్తే మెదడు తరంగాల్లో ఆ శబ్దాల తేడా కనపడింది. పిల్లలకి పిల్లలు ఉంటే చాలు, హుషారు వస్తుంది. అక్కడ చుట్టుపక్కల ఎవరైనా తెలుగు పసిపిల్ల ఉంటే కాల్ టైముకి పిలవమనండి ఆంటీ.

---

కోనసీమ అమ్మమ్మ

ఏడు వారాలయ్యింది. అడిగి మాయమైపోయాననుకోకండి, చెప్పడానికి ఏదో ఒకటి ఉన్నాక రాద్దామని ఆగాను.

మాకు రాత్రి ఏడుంపావు అంటే వాళ్లకి పొద్దున్న ఆరూ నలభై ఐదు. పాప అప్పుడే లేస్తుంది, డేకేర్ టైము ఇంకా కాదు. దీపం పెట్టుకుని, అన్నం తినకుండా కూర్చుంటాను. అమ్మాయి ఫోన్ నిలబెట్టి పాపని ఒళ్లో పెట్టుకుంటుంది. మొదటి వారం నేను చేసిన తప్పు, కథ చెప్పడం. మూడో వాక్యానికే పిల్ల పక్కకి తిరిగిపోయేది. థెరపిస్ట్ గారి మాట గుర్తొచ్చి నోరు కట్టుకున్నాను. ఇప్పుడు తను ఏదన్నా చేసేదాకా ఆగుతాను. తను "ఉఁ" అంటే నేను "ఊఁ, ఇంకా?" అంటాను. నాలుక బయటపెడితే నేనూ పెడతాను. చేతిలో చెంచా నేలకేసి కొడితే, నేను ఇక్కడ గరిటెతో పళ్లెం మీద కొట్టి "టంగ్" అంటాను. అది విని ఆగుతుంది. నన్నే చూస్తూ మళ్లీ కొడుతుంది. మళ్లీ టంగ్. ఇలా పదకొండు సార్లు లెక్కపెట్టాను మొన్న. నెట్ కాస్త ఆలస్యం చేస్తే మాత్రం పిల్లకి ఆట తెగిపోతుంది, మొహం చిన్నబుచ్చుకుంటుంది. అందుకని మా అబ్బాయి స్నేహితుడొకడు, అంటే నా పాత విద్యార్థే, వచ్చి హాల్లో ఉన్న నెట్ పెట్టెని నా మంచం పక్కకి మార్చి వెళ్లాడు.

("మా అబ్బాయి" అన్నది నా మరిది కొడుకు గురించి. ఒక్కతే కూతురన్నాను కదా అని మళ్లీ అడుగుతారు.)

వాళ్ల అపార్ట్‌మెంట్‌లోనే కింద అంతస్తులో గుంటూరు వాళ్లున్నారు, వాళ్ల బాబు పది నెలలవాడు. శని, ఆదివారాలు వాణ్ణి కూడా తెస్తున్నారు. నిజమే, ఇద్దరూ పక్కపక్కన ఉంటే ఆ కళే వేరు. ఒకరు తెర మీద చెయ్యేస్తే ఇంకొకరు వేస్తారు. నేను "అత్త ఏదీ?" అంటే ఆ బాబు మా అమ్మాయి వైపు తిరుగుతాడు, వాణ్ణి చూసి మాది కూడా తిరుగుతుంది. తనకి ఆవిడ అత్త కాదు, అమ్మే. పాపం, దానికేం తెలుసు.

నా నలభై మూడు రికార్డింగులు చెరిపేద్దామనుకున్నాను. అమ్మాయి వద్దంది. ఇప్పుడవి తను వింటోంది, ఆఫీసుకి కారులో వెళ్తూ. సాయంత్రం ఆ కథనే తన నోటితో పాపకి చెబుతోందట. ఉడత కథలో నేను "కొబ్బరి మట్ట" అన్నచోట తనకి ఆ మాటే గుర్తు రాక నాకు మెసేజ్ పెట్టింది, అమ్మా దాన్నేమంటారు, ఆకు కాదు, కాడ కాదు అని. పదహారేళ్లు ఆ మట్టల కింద ఆడుకున్న పిల్ల. చెప్పాను. తర్వాతి రోజు కాల్‌లో పాపని ఎత్తుకుని, చెయ్యి పైకెత్తి ఊపుతూ, "మట్ట... మట్ట... చూడు, మట్ట ఊగుతోంది" అంటోంది. పాప వాళ్లమ్మ నోటికేసే చూస్తోంది. నేను బొట్టుబిళ్ల సంగతి మర్చిపోయి వాళ్లిద్దరినీ చూస్తూ ఉండిపోయాను.

వీసా ఇంటర్వ్యూ వచ్చే నెల 18న. కరివేపాకు పొడి మళ్లీ కొట్టాలి, పాతది వాసన పోయింది.